512 ఎంబీ పక్కన పెట్టినా డంప్ పడలేదు: ఒక కేడంప్ కేసు

డేటాబేస్ నడుస్తున్న సర్వర్ పానిక్ అయింది (కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, కోలుకోలేని తప్పుతో ఆగిపోయింది), కొద్దిసేపటికి తనంతట తానే రీబూట్ అయి పైకొచ్చింది. డంప్ (ఆ క్షణంలోని మెమరీ నకలు) పడాల్సిన వార్ క్రాష్ డైరెక్టరీ తెరిస్తే ఏమీ లేదు. డంప్ తీసే కేడంప్ సర్వీస్ యాక్టివ్‌గానే ఉంది, పానిక్ తర్వాత లేచి డంప్ రాసే రెండో కెర్నల్‌కు (క్రాష్ కెర్నల్) 512 ఎంబీ పక్కన పెట్టే ఉంది, మానిటరింగ్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి. ఇలాంటప్పుడు చాలా చోట్ల చేసే పని ఒకటే: అంకె పెంచడం. 512 ఉంటే 768, అది చాలకపోతే 1 జీబీ. ఈ కేసులోనూ అదే జరిగింది. 1 జీబీకి పెంచినా డంప్ రాలేదు. కారణం మెమరీ తక్కువ కావడం కాదు, ఉన్నదాన్ని ముట్టుకోనివ్వని ఒక సెట్టింగ్.

యంత్రం వివరాలు. రెండు సాకెట్ల ఎక్స్86-64 సర్వర్, 512 జీబీ ర్యామ్, రెడ్‌హ్యాట్ 8 కుటుంబానికి చెందిన లినక్స్. ఆపరేటింగ్ సిస్టమ్ లోకల్ రెయిడ్ కార్డు వెనక ఉన్న డిస్కుల మీద. డేటాబేస్ డిస్కులు ఫైబర్ చానెల్ మీదుగా, మల్టీపాత్‌తో. డంప్ పడాల్సింది లోకల్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్‌లో. డేటాబేస్ షేర్డ్ మెమరీకి హ్యూజ్ పేజీలు (పెద్ద సైజు మెమరీ పేజీలు) కెర్నల్ కమాండ్ లైన్‌లోనే (బూట్ సమయంలో కెర్నల్‌కు అందే పారామీటర్లలో) ఇచ్చారు. మిగతా ట్యూనింగంతా కెర్నల్ సెట్టింగులుండే సిస్‌సీటీఎల్ డైరెక్టరీలో విడి ఫైలుగా ఉంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, దాంతో పని పడుతుంది.

పక్కన పెట్టిన మెమరీ చేసే పని

కేఎగ్జెక్ (ఒక కెర్నల్ నుంచి నేరుగా మరో కెర్నల్‌లోకి దూకే సదుపాయం), దాని మీద కట్టిన కేడంప్ రెండూ 2005లో లినక్స్ 2.6.13తో ప్రధాన కెర్నల్‌లోకి వచ్చాయి. కేడంప్ తొలి పనిలో ఐబీఎం బెంగళూరు ఇంజినీర్ల చెయ్యి పెద్దదే. పద్ధతి సూటిగా ఉంటుంది. బూట్ తొలి దశలోనే, మిగతా అలొకేటర్లు లేవకముందే, క్రాష్‌కెర్నల్ పారామీటర్ చెప్పినంత మెమరీని ఒకే వరుస ముక్కగా కెర్నల్ పక్కన పెడుతుంది. ఆ ముక్క జోలికి నడుస్తున్న కెర్నల్ ఇక రాదు. కేడంప్ సర్వీస్ లేచాక రెండో కెర్నల్‌ను, దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్‌కు కావలసిన ఫైళ్ల మూటను) అందులోకి ఎక్కిస్తుంది. పానిక్ పడగానే బయాస్ దాకా వెళ్లకుండా నియంత్రణ నేరుగా అక్కడికి దూకుతుంది. మధ్యలో పర్గెటరీ అనే చిన్న కోడ్, ఎక్కించిన భాగాలు చెడిపోలేదని ఎస్‌హెచ్‌ఏ-256తో సరిచూస్తుంది. రెండో కెర్నల్‌కు తన సొంత మెమరీగా కనబడేది ఆ ముక్క మాత్రమే. పాత కెర్నల్ మెమరీ మొత్తం ప్రాక్ వీఎంకోర్ అనే ఫైలుగా కనిపిస్తుంది. మేక్‌డంప్‌ఫైల్ దాన్ని చదివి, వడగట్టి, డిస్కు మీద రాస్తుంది.

అంటే పానిక్ తర్వాత 512 జీబీ యంత్రం కాసేపు 512 ఎంబీ యంత్రమైపోతుంది. పెద్ద యంత్రం కోసం రాసిన సెట్టింగులు ఆ చిన్న యంత్రం మీద అమలైతే ఏమవుతుందన్నదే ఈ కేసు.

ముందు చూడాల్సిన మూడు చోట్లు

మొదటిది, మెమరీ నిజంగా పక్కకు వెళ్లిందా? కమాండ్ లైన్‌లో క్రాష్‌కెర్నల్=512ఎం అని కనిపించినంత మాత్రాన వెళ్లినట్టు కాదు. 4 జీబీ కింద పీసీఐ రంధ్రం (పరికరాలకు కేటాయించిన అడ్రసులు), యూఈఎఫ్ఐ సొంతం చేసుకున్న ముక్కలు పోగా అంత వరుస జాగా దొరక్కపోతే కెర్నల్ ఒక్క లైను లాగ్ రాసి ముందుకెళ్లిపోతుంది. ప్రాక్ కింద ఐయోమెమ్ ఫైల్లో "క్రాష్ కెర్నల్" అనే వరుస ఉండాలి. సిస్ కెర్నల్ కింద కేఎగ్జెక్_క్రాష్_సైజ్‌లో బైట్లలో అంకె రావాలి. 512 ఎంబీకి అది 536870912. సున్నా వస్తే తర్వాతి మెట్లేవీ చూడక్కర్లేదు. ఇక్కడ అంకె సరిగ్గానే ఉంది.

రెండోది, ఇమేజ్ ఎక్కిందా? అదే చోట కేఎగ్జెక్_క్రాష్_లోడెడ్ విలువ 1 ఉండాలి. ఉంది.

మూడోది కన్సోల్. ఎక్కువమంది దీన్ని వదిలేస్తారు, జవాబేమో ఇక్కడే దొరుకుతుంది. రెండో కెర్నల్ విఫలమైతే ఎక్కడా లాగ్ మిగలదు, ఎందుకంటే లాగ్ రాయాల్సింది కూడా అదే. కేడంప్ కమాండ్ లైన్‌లో పానిక్=10 ఉంటుంది కాబట్టి రెండో కెర్నల్ కూడా పడిపోతే పది సెకన్లకు రీబూట్. బయటినుంచి చూసేవాళ్లకు అది మామూలు రీబూట్‌లాగే కనిపిస్తుంది. అందుకే ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి నడిపే పద్ధతి) సీరియల్ ఓవర్ ల్యాన్ పెట్టుకుని, కమాండ్ లైన్‌లో సీరియల్ కన్సోల్ ఇచ్చి (115200 వేగంతో, పోర్టు టీటీవైఎస్0 కావచ్చు, టీటీవైఎస్1 కావచ్చు, తయారీదారును బట్టి), ఆ సెషన్‌ను ఫైల్లోకి రికార్డ్ చేస్తూ మళ్లీ క్రాష్ చేయాలి. డేటాబేస్ ఆపి, సింక్ కొట్టి, సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్లోకి "సి" అక్షరం ఎకో చేస్తే చాలు.

ఓఓఎం రికార్డులో దొరికిన జవాబు

రెండో కెర్నల్ లేచింది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ విప్పుకుంది. సిస్టమ్‌డీ మొదలైంది. ఆ వెంటనే యూడెవ్ (పరికరాలను గుర్తించే ప్రోగ్రామ్) ఓఓఎం కిల్లర్‌ను (మెమరీ అయిపోతే ప్రాసెస్‌లను చంపేదాన్ని) పిలిచింది. ఒకదాని తర్వాత ఒకటి ప్రాసెస్‌లు చచ్చిపోయాయి. చివరికి చంపడానికి ఎవరూ మిగలక "మెమరీ మీద డెడ్‌లాక్" అంటూ పానిక్. పానిక్ మీద పానిక్, గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇక్కడ "ఓఓఎం" అనే మూడక్షరాలు చూసి అంకె పెంచేస్తే కేసు దారి తప్పుతుంది. ఓఓఎం రికార్డులో జోన్ల (మెమరీ విభాగాల) వారీగా ఒక వరుస ఉంటుంది: ఫ్రీ ఎంత, మిన్ ఎంత, లో ఎంత, హై ఎంత అని. మామూలు మెమరీ కరువులో ఫ్రీ అడుగంటి మిన్ దగ్గరికి వచ్చి ఉంటుంది. ఇక్కడ డీఎంఏ32 జోన్‌లో ఫ్రీ వందల ఎంబీలు ఉంది. మిన్ మాత్రం దాదాపు 2 జీబీ. జోన్‌లో ఉన్న మొత్తం మెమరీకంటే మిన్ ఎక్కువ! 1 జీబీకి పెంచి చేసిన ప్రయత్నంలోనూ ఇదే బొమ్మ, ఫ్రీ అంకె ఒక్కటే పెరిగింది.

మిన్ అంటే కెర్నల్ అత్యవసరానికి దాచుకునే అడుగు మట్టం. ఫ్రీ ఆ గీత కిందికి వెళ్తే మామూలు అలొకేషన్ ఆగి, ముందు పాత పేజీలు వెనక్కి తీసుకోవాల్సి ఉంటుంది. క్రాష్ కెర్నల్‌లో స్వాప్ లేదు. ఉన్న పేజీల్లో ఎక్కువ భాగం విప్పిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌వే, వాటిని వెనక్కి తీసుకునే వీలు లేదు. ఇక మిగిలేది ఓఓఎం కిల్లరే. ఎన్ని ప్రాసెస్‌లు చంపినా 512 ఎంబీ జోన్‌లో ఫ్రీ 2 జీబీ గీత దాటదు కాబట్టి అది ఆగదు.

ఈ గీతను గీసేది వీఎం.మిన్_ఫ్రీ_కేబైట్స్. కెర్నల్ తానే లెక్కకట్టే విలువకు పై హద్దు ఉంది, చిన్న యంత్రంలో చిన్నగానే ఉంటుంది. మనం రాసిన విలువకు అలాంటి హద్దు లేదు, చెప్పింది చెప్పినట్టు తీసుకుంటుంది. డేటాబేస్ ట్యూనింగ్ ఫైల్లో అది 2097152, అంటే 2 జీబీ. 512 జీబీ మీద అది అర శాతం కూడా కాదు. అక్కడ ఆ విలువ తప్పేమీ కాదు. తప్పల్లా అది రెండో కెర్నల్‌లోకి ఎలా చేరిందన్నదే.

చేర్చింది డ్రాకట్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కట్టే సాధనం. ఈ యంత్రానికి తగ్గట్టుగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కట్టేటప్పుడు అది ఈటీసీ కింద ఉన్న సిస్‌సీటీఎల్ ఫైళ్లను కూడా కాపీ చేసుకుంటుంది, కేడంప్ ఇమేజ్‌లోకి కూడా. లోపల సిస్టమ్‌డీ వాటిని నమ్మకంగా అమలు చేస్తుంది. రుజువుకు క్రాష్ కూడా అక్కర్లేదు: బూట్ డైరెక్టరీలో పేరు చివర కేడంప్ అని ఉన్న ఇమేజ్ మీద లోపలి ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ నడిపి, సిస్‌సీటీఎల్ అని గ్రెప్ కొడితే డేటాబేస్ ఫైల్ అక్కడే కనిపించింది.

మరి హ్యూజ్ పేజీలు ఎందుకు దెబ్బకొట్టలేదు? వాటిని కమాండ్ లైన్‌లో ఇచ్చారు కనుక. సిస్‌కాన్ఫిగ్ కింద కేడంప్ ఫైల్లో కేడంప్_కమాండ్‌లైన్_రిమూవ్ అనే జాబితా ఉంటుంది. రెండో కెర్నల్‌కు కమాండ్ లైన్ అందించేముందు అందులోంచి హ్యూజ్‌పేజెస్, హ్యూజ్‌పేజ్‌సైజ్, స్లబ్_డీబగ్, లాగ్_బఫ్_లెన్ లాంటివి తీసేస్తారు. ఆ జల్లెడ కమాండ్ లైన్‌కే, ఫైళ్లకు లేదు. ఇవే హ్యూజ్ పేజీలను వీఎం.ఎన్‌ఆర్_హ్యూజ్‌పేజెస్ అని ఫైల్లో రాసి ఉంటే రెండో కెర్నల్ దొరికినంత మెమరీని వాటికే కట్టిపెట్టి అదే గతి పట్టేది. ఇంకో మెలిక: కెర్నల్ 5.8 నుంచి సిస్‌సీటీఎల్ విలువలను కమాండ్ లైన్‌లోనే ఇచ్చే వీలుంది. అలా ఇచ్చినవి జల్లెడ జాబితాలో ఉండవు, మనమే చేర్చుకోవాలి.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. ఎవరైనా ఓపిగ్గా 3 జీబీ దాకా పెంచి ఉంటే డంప్ పడి ఉండేది. 2 జీబీ గీత పైన ఇంకా జాగా మిగిలేది కాబట్టి. "512 జీబీ యంత్రానికి 3 జీబీ కావాలి" అని ఒక సూత్రం పుట్టి, పక్క యంత్రాలకూ పాకేది. పెద్ద అంకెలతో పనిచేస్తున్న కేడంప్ సెటప్‌లలో ఇలా పుట్టినవి కొన్నైనా ఉంటాయని మా అనుమానం.

సరిచేసిన తీరు

కొత్త వెర్షన్ల కేఎగ్జెక్ టూల్స్‌లో కేడంప్ కోసం ఉన్న డ్రాకట్ మాడ్యూల్ ఈ సొంత సిస్‌సీటీఎల్ ఫైళ్లను ఇమేజ్‌లోంచి తీసేస్తుంది. ప్యాకేజీ అప్‌డేట్ చేయగలిగితే అదే తేలిక దారి. వెంటనే కుదరని చోట ఆ ట్యూనింగ్ ఫైల్‌ను సిస్‌సీటీఎల్ డైరెక్టరీలోంచి తీసి, అందులోని విలువలను ట్యూన్డ్ ప్రొఫైల్‌లోకి మార్చాలి. ట్యూన్డ్ పూర్తి సిస్టమ్ లేచాక నడిచే సర్వీస్, కేడంప్ ఇమేజ్‌లో అది ఉండదు. కాబట్టి మొదటి కెర్నల్‌కు 2 జీబీ అందుతుంది, రెండోదానికి అంటదు. ఈ కేసులో చేసింది ఇదే.

ఆ తర్వాత కేడంప్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేసి ఊరుకుంటే సరిపోదు. రీస్టార్ట్ సమయంలో ఇమేజ్ మళ్లీ కట్టాలా వద్దా అని అది కొన్నిటినే చూస్తుంది: కేడంప్ కాన్ఫిగ్ మారిందా, డంప్ పడే ఫైల్‌సిస్టమ్ మారిందా, ఇలాంటివి. సిస్‌సీటీఎల్ ఫైల్ మారితే దానికి పట్టదు. కేడంప్‌సీటీఎల్ రీబిల్డ్ అని బలవంతంగా కట్టించి, తర్వాత రీస్టార్ట్ చేసి, ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీతో ఫైల్ పోయిందని కళ్లారా చూడాలి.

1 జీబీ నుంచి మళ్లీ 512 ఎంబీకి దించి క్రాష్ చేస్తే డంప్ పూర్తిగా పడింది.

అయితే అంకె ఎలా తేల్చాలి

ర్యామ్ సైజుతో గుణించి కాదు. రెండో కెర్నల్ పాత మెమరీని తనదిగా నిర్వహించదు. ప్రతి 4 కేబీ పేజీకి 64 బైట్ల పేజ్ స్ట్రక్చర్ కట్టాల్సింది దాని సొంత 512 ఎంబీకే, అది 8 ఎంబీ. ర్యామ్‌తోపాటు పెరిగేది ప్రధానంగా మేక్‌డంప్‌ఫైల్ బిట్‌మ్యాప్: పేజీకి ఒక బిట్, అలాంటివి రెండు. 512 జీబీకి 13,42,17,728 పేజీలు, ఒక్కో బిట్‌మ్యాప్ 16 ఎంబీ, రెండూ కలిపి 32 ఎంబీ. అదీ కచ్చితం కాదు: 1.5.0 నుంచి సైక్లిక్ పద్ధతి డిఫాల్ట్, ఉన్న ఖాళీకి సరిపడా ముక్కలుగా చేస్తుంది. మెమరీ తక్కువైతే ఎక్కువ విడతలు పట్టి నెమ్మదిస్తుందంతే.

అసలు ఖర్చు వేరేచోట. కెర్నల్, ఒత్తిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, దాన్ని విప్పాక వచ్చే ఫైళ్లు అన్నీ ఆ ముక్కలోనే ఉండాలి. వాటి పైన డ్రైవర్లు. నెట్‌వర్క్ కార్డులు, హెచ్‌బీఏలు (డిస్కు నిల్వకు కలిపే కార్డులు) సీపీయూకు ఒకటి చొప్పున క్యూలు కట్టి బఫర్లు నింపుతాయి; ఎన్‌ఆర్_సీపీయూస్=1 ఇచ్చేది అందుకే కూడా. కొన్ని డ్రైవర్లు తాము క్రాష్ కెర్నల్‌లో ఉన్నామని గుర్తించి క్యూలు తగ్గించుకుంటాయి, అన్నీ కాదు. డంప్ ఎస్‌ఎస్‌హెచ్ మీదుగానో ఎన్‌ఎఫ్‌ఎస్ మీదుగానో పంపితే నెట్‌వర్క్ డ్రైవర్, బాండ్, వీల్యాన్ అన్నీ లోపలికి వస్తాయి. ఈ యంత్రంలో డంప్ లోకల్ డిస్కుకే కాబట్టి ఫైబర్ చానెల్ డ్రైవర్ అవసరమే లేదు. ఇమేజ్‌లో ఉంటే కేడంప్ కాన్ఫిగ్‌లో డ్రాకట్_ఆర్గ్స్ వరుసలో ఒమిట్-డ్రైవర్స్ కింద దాని పేరు రాసి తీసేయొచ్చు. రూట్ డిస్కే శాన్ (నెట్‌వర్క్ డిస్కు నిల్వ) మీద ఉంటే మాత్రం తీయకండి, డంప్ రాయడానికి చోటే ఉండదు.

ఊహించడం మానేసి కొలవడానికి ఒక దారి ఉంది. కేడంప్_కమాండ్‌లైన్_అపెండ్‌లో ఆర్‌డీ.మెమ్‌డీబగ్=3 చేర్చి క్రాష్ చేస్తే డ్రాకట్ ఒక్కో దశలో మెమరీ లెక్క, స్లాబ్ (కెర్నల్ తన సొంత పనికి వాడే మెమరీ) లెక్క కన్సోల్ మీద వదులుతుంది. దానితోపాటు కాన్ఫిగ్‌లో ఫెయిల్యూర్_యాక్షన్ షెల్ అని పెడితే విఫలమైన చోట షెల్ దొరుకుతుంది. పరీక్ష అయ్యాక మళ్లీ రీబూట్‌కు మార్చడం మరిచిపోతే తర్వాతి నిజమైన పానిక్‌లో సర్వర్ ఎవరో వచ్చి ఆ షెల్ మూసేదాకా అలాగే కూర్చుంటుంది. గరిష్ఠ వాడకం మీద మూడో వంతు కలుపుకుంటే కెర్నల్ అప్‌డేట్‌లకు తట్టుకుంటుంది.

కొలిచే తీరిక లేనివాళ్లకు డిఫాల్టులు చెడ్డవేం కాదు. రెడ్‌హ్యాట్ 9లో "ఆటో" పద్ధతి తీసేశారు. ఎక్స్86-64 మీద 1 నుంచి 4 జీబీ దాకా 192 ఎంబీ, 4 నుంచి 64 దాకా 256, ఆపైన 512. 2 జీబీ వర్చువల్ మెషీన్‌లో 192 ఎంబీ అంటే తొమ్మిది శాతం పైనే, అక్కడ ఆలోచించాలి. 512 జీబీలో 512 ఎంబీ అంటే శాతంలో పదో వంతు, దాని గురించి బేరమాడక్కర్లేదు. ఎక్కువ పెట్టేశామనిపిస్తే ఇమేజ్‌ను అన్‌లోడ్ చేసి కేఎగ్జెక్_క్రాష్_సైజ్‌లోకి చిన్న అంకె రాస్తే రీబూట్ లేకుండానే తగ్గుతుంది. పెంచడానికి మాత్రం గ్రబ్బీతో కమాండ్ లైన్ మార్చి రీబూట్ చేయాల్సిందే.

పెద్ద ముక్క 4 జీబీ కింద దొరకనప్పుడు క్రాష్‌కెర్నల్=1జి,హై (4 జీబీ పైన) అని ఇస్తారు. అప్పుడు కూడా కింద కొంత కావాలి: 32 బిట్ డీఎంఏ పరికరాలకు, 64 ఎంబీ పైన తినే ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీకి (అలాంటి పరికరాల కోసం ఉండే మధ్య బఫర్‌కు). కెర్నల్ దానంతట అదే ఎక్స్86లో కనీసం 256 ఎంబీ కింద పెడుతుంది. జాగా కలిసొస్తుందని 0,లో అని ఇస్తే డిస్కు కంట్రోలర్ డ్రైవరే లేవకపోవచ్చు.

ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు మీద డంప్ వేరే తంటా. డిస్కు ఎన్‌క్రిప్షన్ పద్ధతి లక్స్2 వాడే ఆర్గాన్2ఐడీ (పాస్‌వర్డ్ నుంచి తాళంచెవి తయారుచేసేది) తాళం తీయడానికే డిఫాల్టుగా 1 జీబీ దాకా అడగవచ్చు. డంప్‌కు ఎన్‌క్రిప్షన్ లేని విడి పార్టిషన్ ఇవ్వడమో, నెట్‌వర్క్ మీదుగా పంపడమో మేలు.

డిస్కు, సమయం, ఫెన్సింగ్

మేక్‌డంప్‌ఫైల్ డంప్ లెవెల్ 31 అంటే 1, 2, 4, 8, 16 కలిపి: సున్నా పేజీలు, రెండు రకాల క్యాష్ పేజీలు, యూజర్ డేటా, ఖాళీ పేజీలు అన్నీ వదిలేస్తుంది. డేటాబేస్ షేర్డ్ మెమరీ యూజర్ డేటాలోకే వస్తుంది. అయినా డంప్ చిన్నగా ఉంటుందనుకోవద్దు. 512 జీబీకి పాత కెర్నల్ కట్టుకున్న పేజ్ స్ట్రక్చర్లే 8 జీబీ, వాటి మీద స్లాబ్. కంప్రెషన్ తర్వాత తగ్గినా, డంప్ పార్టిషన్‌లో రెండు డంప్‌లకు సరిపడా ఖాళీ ఉంచడం మంచిది. మధ్యలో ఆగిపోతే వీఎంకోర్-ఇన్‌కంప్లీట్ అనే పేరు మిగులుతుంది. అప్పుడు కూడా ముందే రాసి ఉండే వీఎంకోర్-డీమెస్గ్ టెక్స్ట్ ఫైల్ పనికొస్తుంది. సగం కేసులు దానితోనే తేలతాయి.

డంప్ రాసేంతసేపు నోడ్ క్లస్టర్‌కు చనిపోయినట్టే కనిపిస్తుంది. క్లస్టర్‌ను చూసుకునే పేస్‌మేకర్ దాన్ని పవర్ ఆఫ్ చేసి ఫెన్స్ చేస్తే (క్లస్టర్ నుంచి వేరు చేస్తే) డంప్ సగంలో పోతుంది. ఫెన్స్_కేడంప్‌ను మొదటి మెట్టుగా పెట్టి, "నేను డంప్ తీస్తున్నాను" అని రెండో కెర్నల్ చెబితే దాన్నే ఫెన్సింగ్ అయినట్టు లెక్కగట్టి, పవర్ ఆఫ్ దాకా వెళ్లకుండా చూడాలి. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఉన్నచోట దాని డ్రైవర్ కేడంప్ ఇమేజ్‌లో ఉందో లేదో కూడా చూసుకోవాలి, లేకపోతే టైమర్ అయిపోగానే అదే రీసెట్ కొడుతుంది.

ఖాళీగా ఉన్న యంత్రం మీద సిస్‌ఆర్‌క్యూతో చేసే క్రాష్ మెత్తని పరీక్ష. డిస్కు, నెట్‌వర్క్ మీద లోడ్ పెట్టి, టాస్క్‌సెట్‌తో వేరే సీపీయూ మీదనుంచి ఒకసారి, ఐపీఎంఐ నుంచి డయాగ్నస్టిక్ ఎన్‌ఎంఐ (సీపీయూ పక్కన పెట్టలేని అంతరాయ సంకేతం) పంపి ఇంకోసారి చేయాలి (అన్‌నోన్_ఎన్‌ఎంఐ_పానిక్ 1 ఉంటే ఆ ఎన్‌ఎంఐకి పానిక్ పడుతుంది). వచ్చిన ఫైల్‌ను క్రాష్ యుటిలిటీలో, అదే కెర్నల్ వెర్షన్ డీబగ్ ఇన్ఫోతో తెరిచి బీటీ (స్టాక్ చూపే కమాండ్) కొట్టాలి. స్టాక్ కనిపిస్తేనే డంప్ ఉన్నట్టు; ఫైల్ సైజు చూసి సంతోషిస్తే సరిపోదు.

ఈ యంత్రంలో మానిటరింగ్‌కు చివరికి చేర్చిన తనిఖీ ఒక్కటే: కేడంప్ ఇమేజ్‌లో ఈటీసీ కింది సిస్‌సీటీఎల్ డైరెక్టరీలో ఏ ఫైలైనా కనిపిస్తే అలర్ట్. ప్రతి కెర్నల్ అప్‌డేట్ తర్వాత, కొత్త ఇమేజ్ కట్టాక నడుస్తుంది.